‘మూత తీయనా?’: నాలుగేళ్ల పాపలో ఆటిజం నిర్ధారణ, ఒక కేస్ స్టడీ

“మా పిల్లకు పదో ఎక్కం దాకా వచ్చు. పద్యాలు వచ్చు. రైల్వే స్టేషన్లో మైకులో చెప్పేదంతా మూడు భాషల్లో తప్పు లేకుండా చెబుతుంది. దాహమేస్తే మాత్రం నీళ్లు అడగదు. ఇదేమి పిల్లో మీరే చెప్పాలి మేడమ్.”

అక్టోబరులో ఒక ఉదయం విశాఖపట్నంలో నా గదికి వచ్చిన ఒక అమ్మమ్మ అన్న మాటలివి. ఆ తర్వాత నేను వాడిన కొలమానాలేవీ పాప ఇబ్బందిని ఇంతకంటే బాగా చెప్పలేకపోయాయి. క్లినికల్ సైకాలజిస్టుగా నా పని ఈ మాటల వెనుక ఏముందో తేల్చడం. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పాపను జాహ్నవి అంటాను, అది అసలు పేరు కాదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే మరికొన్ని వివరాలు కూడా మార్చాను.

జాహ్నవికి అప్పుడు నాలుగేళ్ల మూడు నెలలు. కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా అద్దె ఇల్లు. తండ్రి పోర్టులో కాంట్రాక్టు ఉద్యోగి, షిఫ్టు డ్యూటీలు. తల్లి డిగ్రీ చదివింది, ఇంట్లోనే ఉంటుంది. పద్నాలుగు నెలల తమ్ముడున్నాడు. అమ్మమ్మ వాళ్ల దగ్గరే ఉంటోంది. జూన్‌లో పాపను ఎల్‌కేజీలో చేర్చారు. ఆగస్టులో టీచరు తల్లిని పిలిచి, “పాప ఎవరితోనూ మాట్లాడటం లేదు, ఎవరికైనా చూపించండి” అన్నారు.

అంతకు ముందే రెండుసార్లు చూపించారు. రెండున్నరేళ్లప్పుడు ఒక డాక్టరు, తండ్రికి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని విని, “అవే వస్తాయి, కంగారు పడకండి” అని పంపేశారు. మాటలు నిజంగానే వచ్చాయి. అందుకే ఇంట్లో వాళ్లు ఏడాది పాటు నిశ్చింతగా ఉన్నారు. మూడున్నరేళ్లప్పుడు మరొకరు ఇది ఫోను వల్ల వచ్చిన ‘వర్చువల్ ఆటిజం’ అనీ, ఫోను మానిపిస్తే మూడు నెలల్లో పోతుందనీ చెప్పారు. ఆ రోజే ఫోను బీరువాలోకి వెళ్లింది. పాప నిద్ర మెరుగుపడింది, ఇంట్లో వాళ్ల పక్కన కూర్చునే సమయం పెరిగింది. మాట తీరు మాత్రం మారలేదు. ఆ మూడు నెలలూ తల్లి తనను తాను తిట్టుకుంటూ గడిపింది.

‘వర్చువల్ ఆటిజం’ అనే జబ్బు మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన పుస్తకం డీఎస్‌ఎం-5లో లేదు, 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ లేదు. ఫోను తగ్గిస్తే ఏ పిల్లలకైనా మేలే, ఆ సలహా నేనూ ఇస్తాను. కానీ ఆటిజానికి కారణం తల్లి చేతిలోని ఫోనే అని తేల్చేయడం నన్ను బాధిస్తుంది. 1950, 60 దశకాల్లో తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే ఆటిజం వస్తుందని పెద్ద పెద్ద నిపుణులు చెప్పారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రటర్ 21 జతల కవలలను పరిశీలించి, ఇందులో జన్యువుల పాత్ర బలమైనదని చూపారు. అప్పటికే ఎందరు తల్లులు ఆ నింద మోశారో! ఇప్పుడు అదే నింద కొత్త పేరుతో మళ్లీ తల్లుల మీదికే వస్తోంది.

పుట్టు వెంట్రుకల నాటి వీడియో

ఆటిజాన్ని రక్తపరీక్షతోనో స్కానుతోనో నిర్ధారించలేం. పిల్ల ఎదిగిన తీరును మొదటి నుంచి తెలుసుకోవాలి, ఇప్పుడెలా ఉందో కళ్లారా చూడాలి, రెండూ కలిపి బేరీజు వేయాలి. మొదటిదానిలో చిక్కేమిటంటే, “ఎన్నో నెలలో వేలితో చూపించింది?” అని అడిగితే ఏ తల్లీ కచ్చితంగా చెప్పలేదు. అందుకే నేను నెలలు అడగను. అన్నప్రాశన, పుట్టు వెంట్రుకలు, సంక్రాంతి, బంధువుల పెళ్లి, తమ్ముడు పుట్టిన రోజు... ఇలా ఇంటి సందర్భాలను పట్టుకుని వెనక్కి వెళతాను.

జాహ్నవికి పదకొండో నెలలో సింహాచలంలో పుట్టు వెంట్రుకలు తీయించారు. ఆ రోజు వీడియో తండ్రి ఫోనులో ఉంది. అందులో మేనమామ పాపను ఆరుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. పాప ఒక్కసారీ తిరగదు, ఎవరిదో చీర కొంగు కుచ్చునే చూస్తూ ఉంటుంది. పక్కనే చిన్నగా గంట మోగితే మాత్రం చటుక్కున తల తిప్పుతుంది. ఆ వీడియోను ఇంట్లో అందరూ ఎన్నోసార్లు చూశారు. నేను పిలుపులు లెక్కపెడుతుంటే తల్లి కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టి, నాలుగో పిలుపు దగ్గర ఏడ్చేసింది.

ఏడాదిన్నరప్పుడు సంక్రాంతి వచ్చింది. ఊరెళ్లారు. పాపకు ఏదైనా కావాలంటే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, ఆ చేతిని ఫ్రిజ్ తలుపు మీద పెట్టేదట, ముఖంలోకి చూడకుండానే. వేలితో చూపించడం లేదు. టాటా చెప్పమంటే చెప్పేది, దణ్ణం పెట్టమంటే పెట్టేది. తనంతట తాను ఎప్పుడూ చేయలేదు. అమ్మమ్మ మరో సంగతి గుర్తుచేసుకుంది. డాబా మీద చందమామను చూపిస్తూ అన్నం పెడితే మిగతా మనవలందరూ పైకి చూసేవారు, ఈ పిల్ల మాత్రం అమ్మమ్మ వేలినే చూసేది. చూపించిన చోటికి చూపు వెళ్లడం, చూసినదాన్ని మళ్లీ మనతో పంచుకోవడం ఆటిజంలో అన్నిటికంటే ముందే తడబడే విషయాల్లో ఒకటి. ఆ పండుగ రోజుల్లో ఎవరైనా ఎం-చాట్ ప్రశ్నలు అడిగి ఉంటే బాగుండేది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం చేసిన ఇరవై ప్రశ్నలవి. సమాధానాల్లో మూడు నుంచి ఏడు దాకా అనుమానాస్పదంగా ఉంటే వాటి మీద మళ్లీ వివరంగా అడగాలి. ఎనిమిది గానీ అంతకు మించి గానీ ఉంటే నేరుగా పూర్తి పరీక్షకు పంపాలి. ఆ ప్రశ్నలతో నిర్ధారణ జరగదు, ఎవరిని నిదానంగా చూడాలో తెలుస్తుంది.

నేర్చుకున్న మాటలు మరిచిపోవడం జరిగిందా అని అడిగాను. లేదన్నారు. మూర్ఛలు లేవు. కాన్పు సాఫీగానే జరిగింది. నడక పదమూడో నెలలో వచ్చింది.

నేను పొరబడిన చోటు

మొదటి రోజు జాహ్నవి నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ‘చూపు కలుపుతోంది’ అని కాగితం మీద రాసుకున్నాను. భాషా లోపమా, బిడియమా అని పక్కనే రెండు ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాను. వారం తర్వాత ఆటల పరీక్షకు వచ్చినప్పుడు మధ్యలో కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. పాప చూపు నా ముఖాన్ని వదిలి కళ్లద్దాల వెంట వెళ్లిపోయింది. తిరుగుతున్న ఫ్యాను వాటిలో మెరుస్తోంది. మొదటి రోజు పాప చూసిందీ దాన్నే. నేను రాసుకున్నది కొట్టేశాను. ఒక్కసారి చూసి ‘ఆటిజమే’ అనడం ఎంత తొందరపాటో, ‘కళ్లలోకి చూస్తోంది కదా, కాదు’ అనడం కూడా అంతే తొందరపాటు. కళ్లలోకి చూసే ఆటిజం పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ చూపు మాటతో, నవ్వుతో, చేతి సైగతో కలిసి వస్తోందా లేదా అన్నదే గమనించాలి.

ఈలోగా వినికిడి పరీక్ష చేయించాను. పిలిస్తే పలకని ఏ పిల్లకైనా మొదట ఇదే. నిద్రలో బెరా చేశారు, అంటే శబ్దానికి మెదడు స్పందించే తీరును కొలిచే పరీక్ష. రెండు చెవులూ బాగున్నాయి.

ఇలాంటి పరీక్షకు ప్రపంచమంతా ఎక్కువగా చెప్పుకునే సాధనం ఎడాస్-2. ఆ పెట్టె ఖరీదైనది, దానికి విడిగా శిక్షణ కావాలి, నా దగ్గర లేదు. అది లేకపోతే నిర్ధారణ కుదరదనుకోవడం సరికాదు. పిల్లలు తమంతట తాము అడిగేలా, చూపించేలా, పంచుకునేలా సందర్భాలు కల్పించి చూడాలన్నదే దాని వెనకున్న ఆలోచన. అందుకు నా గదిలో సబ్బు బుడగలు, మూత బిగించిన డబ్బాలు, ఏటికొప్పాక లక్కపిడతలు, ఒక బొంగరం ఉంటాయి. మన పిల్లలకు ఆ పెట్టెలోని పుట్టినరోజు ఆట కేకు, కొవ్వొత్తుల కంటే పొయ్యి, గిన్నె, గరిటె దగ్గర ఆట త్వరగా అందుతుంది.

“అమ్మమ్మకు టీ ఇవ్వమ్మా” అని బుల్లి కప్పు ఇచ్చాను. కప్పు బోర్లించి తిప్పింది. బొమ్మకు అన్నం పెట్టమంటే బొమ్మను పక్కకు నెట్టి పిడతలన్నిటినీ రంగుల వారీగా పేర్చింది. ఆపైన వాటిని ఒక వరసలో పెట్టి, “దయచేసి వినండి” అని మొదలుపెట్టి రైలు ప్రకటన మొత్తం చెప్పింది. తండ్రి ముఖం వెలిగిపోయింది. “రైలాట ఆడుతోంది మేడమ్, ఊహ ఉన్నట్టే కదా?” అన్నాడు. మంచి ప్రశ్న అది. ప్రతి ఆదివారం పాపను ప్లాట్‌ఫాం మీదికి తీసుకెళ్లేది ఆయనే. ఊహాట అయితే అందులో కొత్తది చేరడానికి చోటుంటుంది. నేను ఒక బొమ్మను తెచ్చి, “నేనూ ఎక్కుతాను, అరకు వెళ్లాలి” అంటూ ఒక పిడతలో కూర్చోబెట్టాను. జాహ్నవి బొమ్మను తీసేసి, వరస సరిచేసి, ప్రకటన మొదటి నుంచి చెప్పింది. మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లు దించేసింది. కోపం లేదు, నవ్వు లేదు, నా వైపు చూడనూ లేదు.

కాసేపటికి నేవీ హెలికాప్టర్ ఒకటి కిందుగా వెళ్లింది. పాప చెవులు మూసుకుంది. “అదిగో!” అని కిటికీ వైపు చూపించాను. చందమామ కథే మళ్లీ జరిగింది, చూపు నా వేలి దగ్గరే ఆగింది. తల్లి ఒళ్లో ఉన్న తమ్ముడు మాత్రం ఆకాశం వైపు వేలు చాపి, అమ్మను చూసి, మళ్లీ ఆకాశం చూశాడు.

క్రియ చివర దాగిన సంగతి

సబ్బు బుడగలు ఊది, ఆపి, ఎదురుచూశాను. జాహ్నవి దగ్గరికొచ్చి, సీసాను చూస్తూ, “ఊదనా?” అంది. నేను సీసా అందించాను. తీసుకోలేదు. మళ్లీ “ఊదనా?” అంది. తల్లి మెల్లగా చెప్పింది: “మిమ్మల్ని ఊదమంటోంది మేడమ్.”

అప్పటికి ఐసా ప్రశ్నల్లో సగం అయ్యాయి. సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ రూపొందించగా 2009లో వచ్చిన భారతీయ కొలమానం ఇది. ఆరు విభాగాల్లో నలభై అంశాలు ఉంటాయి. అందులో సర్వనామాలు తారుమారు చేయడం ఒకటి. “‘నేను’ అనాల్సిన చోట ‘నువ్వు’ అంటుందా?” అని అడిగితే తల్లి “లేదు” అని ఠక్కున చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. జాహ్నవి నోట ‘నేను’, ‘నువ్వు’ రెండూ రావు, ఎందుకంటే మన ఇళ్లలో మాటల్లో అవి పెద్దగా వినిపించవు. ఎవరు చేసేదీ మనకు క్రియ చివరే తెలిసిపోతుంది: తింటాను, తింటావు, తిననా. కాబట్టి తెలుగు పిల్లల్లో ఈ తారుమారు ‘నువ్వు’ దగ్గర వెతికితే దొరకదు, క్రియ చివర వెతకాలి.

ప్రశ్న మార్చాను. “ఆకలేస్తే ఏమంటుంది?” “అన్నం తింటావా అంటుంది.” “ఎత్తుకోమనడానికి?” “ఎత్తుకోనా అంటుంది.” “నిద్ర వస్తే?” “బజ్జుంటావా.” ఆ సందర్భంలో అమ్మ తనతో అనే మాటనే, తన అవసరానికి అద్దం పట్టినట్టు తిరిగి చెబుతోంది. రెండేళ్ల పిల్లలు ఎందరో కొన్నాళ్లు ఇలా అంటారు, దాటిపోతారు. నాలుగేళ్లు దాటాక, మిగతా లక్షణాలతో కలిసి, అవసరమైన ప్రతిచోటా ఇదే తీరు ఉంటే లెక్కలోకి తీసుకోవాల్సిందే. ‘లేదు’ అని పెట్టిన గుర్తును సవరించాను. అనువాదం చేసిన ప్రశ్నను యథాతథంగా చదివి గుర్తులు పెట్టుకుంటూ పోయే వాళ్లందరికీ ఇది చెప్పాలని నాకు ఎంతో పట్టుదల. ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

మిగతా సగం కారణం బడిలో దొరికింది.

టీచరు అనుమతితో ఒక ఉదయం వెనక బెంచీలో కూర్చున్నాను. ముప్పై మంది పిల్లలు. అందరూ కలిసి పాడేటప్పుడు జాహ్నవి గొంతు అందరికంటే స్పష్టంగా వినిపించింది. ఆటల సమయంలో గోడకు ఆనుకుని, కిటికీ చువ్వలను ఒక్కొక్కటే తాకుతూ నడిచింది. భోజనం వేళ డబ్బా ముందు పెట్టుకుని, దాన్నే చూస్తూ, “మూత తీయనా?” అంది. టీచరు ఎంతో ఆప్యాయంగా, “తియ్యి నాన్నా” అన్నారు. పాప కదల్లేదు. కాసేపాగి మళ్లీ “మూత తీయనా?” టీచరు మళ్లీ “తియ్యమ్మా, అడగక్కర్లేదు” అని మరో పిల్ల దగ్గరికి వెళ్లిపోయారు. గంట కొట్టారు. డబ్బా అలాగే సంచిలోకి వెళ్లింది.

జూన్ నుంచి వారంలో మూడు నాలుగు రోజులు పెరుగన్నం తిరిగి ఇంటికి వస్తోందని తల్లి చెప్పింది నాకు గుర్తొచ్చింది. పిల్లకు బడి తిండి నచ్చడం లేదని వాళ్లు అనుకున్నారు. అనుమతి అడిగే మర్యాద గల పిల్ల అని టీచరు అనుకున్నారు. ఆ పాప నాలుగు నెలలుగా తనకు తెలిసిన ఒకే దారిలో సాయం అడుగుతూ ఉంది. నేను బయటికొచ్చి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

బడిలో ఇంకొకరు, పిల్లకు బెదురు ఎక్కువ, ఇంట్లో అయితే బాగానే మాట్లాడుతుందట కదా అన్నారు. కొత్తవాళ్ల ముందు నోరు కట్టేసుకునే పిల్లలు ఉంటారు. వాళ్లు ఇంట్లో మామూలుగా కబుర్లు చెబుతారు, అలుగుతారు, అబద్ధాలాడతారు, చూపుతో ప్రశ్నిస్తారు. అందుకే ఇంటి వీడియోలు తెప్పించుకున్నాను. ఇంట్లో జాహ్నవికి మాటలు ఎక్కువే, సంభాషణ మాత్రం లేదు. “బడిలో ఏం చేశావు?” అంటే “ఏం చేశావు” అనే జవాబు. అంతా ఒకవైపు ప్రవాహం.

ఆడపిల్ల కావడం కూడా ఆలస్యానికి ఒక కారణమని నా నమ్మకం. నిర్ధారణ అయిన పిల్లల్లో ఒక అమ్మాయికి ముగ్గురు నలుగురు అబ్బాయిలు కనిపిస్తారు. ఆ తేడాలో కొంత భాగం అమ్మాయిలను మనం గుర్తించకపోవడం వల్లనే. మగపిల్లవాడు గోడ పక్కన ఒంటరిగా నడిస్తే ఏదో ఉందంటారు. ఆడపిల్ల నడిస్తే బుద్ధిమంతురాలంటారు.

లెక్కలు, తీర్పు

చెక్క ముక్కలను వాటి గూళ్లలో పెట్టించే సెగ్విన్ బల్లలో ఆకారాలను వయసుకు తగ్గట్టు, ఇంకా కొంచెం వేగంగానే అమర్చింది. వైన్‌ల్యాండ్ సాంఘిక పరిణతి కొలమానంలో సాంఘిక వయసు 34 నెలలు వచ్చింది. అసలు వయసు 51 నెలలు, అంటే సూచిక 67. ఈ రెండిటి మధ్య ఉన్న అగాధమే నాకు ముఖ్యం. మొత్తంగా ఎదుగుదల మందగించిన పిల్ల అయితే రెండూ కాస్త దగ్గరగా తగ్గుతాయి. ఐసాలో 96 వచ్చింది. 70 లోపు ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. మన దేశంలోనే 2 నుంచి 9 ఏళ్ల పిల్లల కోసం తయారైన ఇన్‌క్లెన్ సాధనంతోనూ సరిచూశాను, అదీ ఆటిజం వైపే చూపింది.

అయినా అంకెలు తీర్పు చెప్పవు. డీఎస్‌ఎం-5 ప్రకారం లక్షణాలు రెండు వర్గాలు. మొదటి వర్గంలో మూడింటికి మూడూ ఉండాలి: ఇచ్చిపుచ్చుకునే ధోరణిలో లోటు, చూపు, సైగ వంటి మాటలు కాని భాషలో లోటు, స్నేహాలు, ఊహాటల్లో లోటు. జాహ్నవిలో మూడూ ఉన్నాయి. రెండో వర్గం, అంటే చేసిందే చేయడం, మార్పు ఓర్వలేకపోవడం వంటి నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. విన్నదాన్నే తిరిగి చెప్పడం, పిడతల వరసలు మొదటిదానికి సరిపోతాయి. బడి ఆటో ఒకరోజు వేరే దారిలో వెళ్లినందుకు ముప్పావుగంట ఏడవడం రెండోది. రైలు ప్రకటనల మీద ఆ గాఢమైన ఇష్టం మూడోది. ఇంద్రియాల సంగతి నాలుగోది: కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకోవడం, ఆర్‌కే బీచ్‌లో ఇసుక మీద కాలు పెట్టనివ్వకపోవడం, తెల్లనివి తప్ప తినకపోవడం. లక్షణాలు చిన్నతనంలోనే ఉండాలన్న షరతుకు సింహాచలం వీడియో సాక్ష్యం. రోజువారీ జీవితం దెబ్బతినాలన్న షరతుకు పెరుగన్నం డబ్బా సాక్ష్యం.

పిల్లల నరాల డాక్టరు కూడా చూసి ఏకీభవించారు. మూర్ఛ అనుమానం లేదు కాబట్టి ఈఈజీ, ఎంఆర్‌ఐ అవసరం లేదన్నారు. తిండి తెల్లన్నం, ఇడ్లీ, పెరుగుకే పరిమితం కావడంతో రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, ఐరన్ మొదలుపెట్టారు. జన్యు పరీక్ష గురించి వివరించారు, కుటుంబం కొన్నాళ్లు ఆగుదామనుకుంది.

నవంబరులో తల్లిదండ్రులనూ అమ్మమ్మనూ కలిపి కూర్చోబెట్టి చెప్పాను. ‘ఆటిజం’ అన్న మాట మొదటి ఐదు నిమిషాల్లోనే, తెలుగులో, ఒకే అర్థం వచ్చేలా చెప్పడం నా అలవాటు. ‘లక్షణాలున్నట్టున్నాయి’ అని నసిగితే ఇల్లు చేరేలోపు అది ‘ఏమీ లేదట’ అవుతుంది. తండ్రి, “పోతుందా?” అని అడిగాడు. “ఇది పోయే జ్వరం కాదండీ. పాప తీరు ఇది. ఈ తీరుతోనే చాలా నేర్చుకుంటుంది, మనం దారి తెలుసుకోవాలి” అన్నాను. ‘స్వల్పం’ అన్న మాట పట్టుకుని ఆయన ఊరట వెతుక్కున్నాడు. అది కొలమానం పెట్టిన పేరనీ, పాపకు బడిలో గట్టి సాయమే కావాలనీ చెప్పాల్సి వచ్చింది. తల్లి ఒక్కటే అడిగింది: “ఫోను వల్ల కాదు కదా మేడమ్?” కాదన్నాను. సింహాచలం వీడియో నాటికి పాప చేతికి ఫోను రానే లేదని గుర్తుచేశాను. అమ్మమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స గురించి తండ్రికి ఎవరో చెప్పారట. ఆటిజానికి దాన్ని చికిత్సగా అమ్మడానికి ఆధారం లేదనీ, ఆ డబ్బు స్పీచ్ థెరపీకీ ఆక్యుపేషనల్ థెరపీకీ దాచుకోమనీ చెప్పాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ధ్రువపత్రం కోసం సదరంలో స్లాట్ తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రి బోర్డు ముందుకు వెళ్లాలి. తల్లి వెంటనే సరేనంది. తండ్రికి ‘వికలాంగ’ అన్న మాట దగ్గర గొంతు పట్టేసింది. నేను తొందరపెట్టలేదు.

స్పీచ్ థెరపిస్టుతో కలిసి మొదట మార్చింది పెద్దవాళ్ల మాటనే. పాప ముందు ప్రశ్నలు తగ్గించి, పాప అనాల్సిన మాటనే పాప తరఫున అనాలి. డబ్బా ముందు నిలబడితే “మూత తీయనా?” అనకుండా “తియ్యి” అంటూ తీయాలి. బుడగల దగ్గర “ఊదు”. టీచరుకు కూడా ఒక కాగితం మీద పాప మాటలూ వాటి అర్థాలూ రాసిచ్చాం: ‘ఎత్తుకోనా’ అంటే ఎత్తుకోమని, ‘తింటావా’ అంటే ఆకలని. ఆవిడ దాన్ని తన బల్ల మీద అంటించుకున్నారు. ఆ మర్నాటి నుంచి డబ్బా ఖాళీగా ఇంటికి వస్తోంది.

తోబుట్టువుకు ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి అది రావచ్చు. అందుకని ఏడాదిన్నర వయసులో తమ్ముడికి ఎం-చాట్ చేశాను, అనుమానించాల్సింది కనిపించలేదు. రెండేళ్లకు మళ్లీ చేస్తాను. జాహ్నవి మేధా పరీక్షను ఆరేళ్లు నిండే దాకా వాయిదా వేశాను. ఇప్పుడు చేస్తే మాటల ఇబ్బందినే తెలివి తక్కువతనంగా కొలిచే ప్రమాదం ఉంది.

ఏప్రిల్‌లో మళ్లీ వచ్చారు. లక్కపిడతలు వరసలో పెట్టి, ప్రకటన చెప్పి, జాహ్నవి ఆగింది. నా బొమ్మ ఎక్కింది. ఈసారి దించలేదు. కొంతసేపటికి బిగించిన డబ్బా ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను ఏమీ అనకుండా ఆగాను. పెదవులు రెండుసార్లు కదిలాయి.

“తియ్యి.”